పందొమ్మిదో నంబరు

మార్కుల కాగితం నా చేతికిచ్చి
డ్రాయింగు మేష్టారు దాలినాయుడు గారు అన్నారు:
"అందానికి పది, శుభ్రతకి పది, బెదురుకి పది.
అరమార్కులు వద్దు."
లైబ్రరీలో పుస్తకాల వెనక తారీఖులు గుద్దేదాన్ని,
బెదురు గురించి నాకేం తెలుసు?
అయినా గొడుగు తీసుకుని బయల్దేరాను.

రైలుగేటు నుంచి చంపావతి వంతెన దాకా
ఇరవైయేడు దిష్టిబొమ్మలు.
వీధికొకటి, ఆటోస్టాండుకొకటి, టైలర్లంతా కలిసి ఒకటి.
చేలల్లో పుట్టి పెరిగినవి
మొదటిసారి ఊరు చూడ్డానికొచ్చినట్టు
తారురోడ్డు పక్కన బిడియంగా నిలబడ్డాయి.

మూడో నంబరు ఎర్నమ్మ టీకొట్టు ముందు.
పాల ప్యాకెట్లు కడిగి కుట్టిన పరికిణీ,
గాలొస్తే గలగల.
"మార్కులు తరవాతెయ్యొచ్చు, ముందు టీ తాగమ్మా."
లంచం రెండు బిస్కెట్లు.
తిన్నాను. ఎనిమిది వేశాను.

ఏడు, కరెంటాఫీసు వాళ్లది.
కుండ తలకి హెల్మెట్టు, చేతిలో బిల్లు.
బెదురుకి పదికి పది.
దీని మీద ఊళ్లో తగువు రాలేదు.

పదకొండు, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ.
తాళి కట్టే చేతికి గడ్డి చాలక
కొబ్బరిపీచు కూరారు పిల్లలు.

ఒక కాకి స్తంభం నుంచి స్తంభానికి మా వెంటే వస్తోంది.
మేం రాసుకుని కదలగానే
ఆ బొమ్మ నెత్తి మీద వాలి ముక్కు తుడుచుకుంటోంది.
మూడో జడ్జి రాలేదు కదా, పోన్లే అనుకున్నాను.

పందొమ్మిదికి జాబితాలో పేరు లేదు.
గీత ఉంది.

జూట్‌మిల్లు గేటు దగ్గర
అన్ని బొమ్మలూ రోడ్డు వైపు చూస్తుంటే
ఇది గేటు వైపు చూస్తోంది.
గోనె ఒళ్లు. ఇక్కడి గోనే,
అంచున నీలం చార చూసి ఎవరైనా చెప్తారు.
ఖాకీ చొక్కా, జేబు మీద ఇత్తడి టోకెను, 1143.
కుడిచేతికి మూడు గిన్నెల క్యారేజీ.

మేష్టారు కళ్లజోడు తుడుచుకున్నారు.
"వీపు చూసి మార్కులెలా వేస్తాం?"
ముందుకెళ్దామంటే
తాళానికీ దానికీ మధ్య ఒక మనిషి పట్టేంత చోటు.
ఇద్దరం వెళ్లలేదు.

ఎవరిదని అడిగాను.
వేరుశనక్కాయల బండి గౌరీసు పొట్లం చుడుతూ అన్నాడు:
"ఎవలిదని సెప్పీదమ్మా?
టోకెను మా బావది. సొక్కా సన్నాసోడిది.
క్యారేజీ మాయమ్మ తెచ్చి తగిలించింది.
ఏ గుంటడ్నడిగినా మాయయ్యే అంతాడు."
తర్వాత, నవ్వకుండా:
"బీ షిఫ్టుకొచ్చినాడు. సైరన్ కోసం సూత్తన్నాడు."

కాకి ఆ నెత్తి మీద వాలలేదు.
క్యారేజీ మీద వాలి మూత పొడిచి చూసింది.

ప్రైజు పెళ్లిబొమ్మలకి, స్టీలుబిందె.
ఆ సాయంత్రమే వాన.
ఎవరి చీర వాళ్లు విప్పుకుపోయారు.
గడ్డి గేదెలకి పోయింది.
హెల్మెట్టు మర్నాడు పొద్దున్నే
మనిషి తలతో సహా స్తంభమెక్కింది.

గేటు దగ్గరది మాత్రం ఉంది.
తడిసిన గోనె వాసన మా వీధి దాకా వచ్చింది.
కొందరు కిటికీలు తెరిచారు.
కొందరు మూసుకున్నారు.
మా ఇంట్లో ఒకటి తెరిచి, ఒకటి మూశాం.

నిన్న పనికి వెళ్తూ చూశాను.
ఊడిన బొత్తాం ఎవరో ఎర్రదారంతో కుట్టారు.
కాకి ఎలాగో మూత తీసేసింది.
పై గిన్నెలో చోడంబలి,
ఇంకా ఆవిరి.

నా కాగితంలో ఆ వరస ఖాళీగానే ఉంది.
అందం రాయగలను, శుభ్రతా రాయగలను.
మూడో గడి దగ్గర పెన్ను ఆగుతోంది.
బెదరాల్సింది ఎవరో మేష్టారు చెప్పలేదు.

అలవాటు కొద్దీ ముద్ర తీసి గుద్దాను.
మా లైబ్రరీ ముద్రలో ఉండేది
ఇచ్చిన తారీఖు కాదు.
తిరిగివ్వాల్సిన తారీఖు.